ఉప్పునేలలో పప్పుపంటలు: జన్యు కుటుంబాల అన్వేషణ చరిత్ర



సోయా చిక్కుడు మొక్క ఉప్పును తట్టుకోవడం ఒకే ఒక జన్యువు మీద ఆధారపడి ఉందని 1969లో అమెరికాకు చెందిన ఏబెల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ఆ జన్యువు క్రోమోజోమ్ మీద సరిగ్గా ఎక్కడ ఉందో, అది తయారుచేసే ప్రోటీన్ ఏమిటో తేలింది మాత్రం 2014లో. అంటే 45 సంవత్సరాలు పట్టింది. ఇంతకాలం ఎందుకు పట్టింది? మధ్యలో విజ్ఞానశాస్త్రం ఏయే దారులు తొక్కింది? దొరికిన జవాబు మన శనగకూ, కందికీ, మినుముకూ ఎంతవరకు ఉపయోగపడుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతకడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఇది వృక్షశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. మన దేశంలో కోట్లమందికి మాంసకృత్తులు అందేది పప్పుల నుంచే. ఆ పప్పులు పండే మొక్కలు ఉప్పు విషయంలో చాలా సున్నితమైనవి. సాగునీటితోనూ సముద్రతీరంలోనూ నేలలు ఉప్పెక్కుతున్న కాలంలో ఈ రెండు వాస్తవాలను కలిపి ఆలోచించవలసి ఉంది.

1. చౌడునేలల పాత చరిత్ర

వ్యవసాయం ఎంత పాతదో చౌడు సమస్య దాదాపు అంత పాతది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్యనున్న మెసొపొటేమియా దక్షిణ భాగంలో క్రీస్తుపూర్వం 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ ఇంచుమించు సమానంగా పండేవనీ, క్రీస్తుపూర్వం 1700 నాటికి గోధుమ దాదాపు కనుమరుగై బార్లీ మాత్రమే మిగిలిందనీ థార్కిల్డ్ జేకబ్సన్, రాబర్ట్ ఆడమ్స్ 1958లో రాశారు. కాలువ నీటితో నేలలో ఉప్పు పేరుకుపోవడమే దీనికి కారణమని వారి వాదం. ఈ వాదాన్ని తరువాతి చరిత్రకారులు కొందరు ప్రశ్నించారు. అయినా ఉప్పును బాగా తట్టుకునే పంట బార్లీ అన్న విషయంలో సందేహం లేదు.

మన దేశంలో ఉత్తరాది రైతులు నేలమీద తెల్లగా పొంగే ఉప్పును ‘రేహ్’ అనీ, పంట పండని చౌడును ‘ఊసర్’ అనీ పిలిచారు. పంతొమ్మిదో శతాబ్దంలో యమునా, గంగా కాలువలు వచ్చిన తరువాత రేహ్ విస్తరించిందని రైతులు ఫిర్యాదు చేయగా, 1870లలో బ్రిటిష్ ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. తెలుగు రైతులు కూడా నేలను చూసి తేడా చెప్పారు. తెల్లగా ఉప్పు పేరుకునే నేల పాలచౌడు. సోడియం పట్టి గట్టిపడి, నీరు ఇంకని నేల కారుచౌడు. ప్రయోగశాలలు పుట్టకముందే ఈ విభజన మన భాషలో ఉన్నది.

స్వాతంత్ర్యం తరువాత 1969లో కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ ఏర్పడింది. దాని కేంద్రం హర్యానాలోని కర్నాల్. ఆ సంస్థ అంచనా ప్రకారం మన దేశంలో సుమారు 67.3 లక్షల హెక్టార్ల నేల ఉప్పు బారిన పడింది. ఇందులో 37.7 లక్షల హెక్టార్లు కారుచౌడు, 29.6 లక్షల హెక్టార్లు పాలచౌడు. చౌడు నేలల యాజమాన్యంపై అఖిల భారత స్థాయిలో జరిగే సమన్వయ పరిశోధనకు తెలుగునాట బాపట్ల ఒక కేంద్రం.

2. ఉప్పు మొక్కను ఎలా బాధిస్తుంది?

నేలలోని ఉప్పును విద్యుత్ వాహకతతో కొలుస్తారు. దీని ప్రమాణం మీటరుకు డెసిసీమెన్లు. అమెరికాలోని రివర్‌సైడ్ లవణీయత ప్రయోగశాల 1954లో ప్రచురించిన చేతిపుస్తకం ప్రకారం, ఈ విలువ 4 దాటితే అది ఉప్పునేల. 1977లో మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ఏ పంట ఎంతవరకు తట్టుకోగలదో ఒక పట్టికగా కూర్చారు. అందులో బార్లీ హద్దు 8.0. సోయా చిక్కుడు హద్దు 5.0, వేరుశనగ హద్దు 3.2, ఫ్రెంచి చిక్కుడు హద్దు కేవలం 1.0.

హద్దు ఒక్కటే చూస్తే సరిపోదు. హద్దు దాటిన తరువాత ఏం జరుగుతుందో గమనించండి. బార్లీకి ఒక్కొక్క డెసిసీమెన్ పెరిగినప్పుడు దిగుబడి 5 శాతం తగ్గుతుంది. సోయా చిక్కుడుకు 20 శాతం, వేరుశనగకు 29 శాతం తగ్గుతుంది. లెక్క వేసి చూడండి: 7 డెసిసీమెన్ల నేలలో బార్లీకి నష్టం లేదు, సోయా చిక్కుడుకు 40 శాతం నష్టం, వేరుశనగ మాత్రం పూర్తిగా పోతుంది.

ఈ నష్టం రెండు దశల్లో జరుగుతుందని రానా మన్స్, మార్క్ టెస్టర్ 2008లో వివరించారు. మొదటిది నీటికి సంబంధించినది. వేరు చుట్టూ ఉప్పు పెరిగితే ద్రవాభిసరణ కష్టమై, నేల తడిగా ఉన్నా మొక్కకు నీరు అందదు. రెండవది అయాన్లకు సంబంధించినది. సోడియం, క్లోరైడ్ ఆకుల్లో నెమ్మదిగా పేరుకుని కణాలను చంపుతాయి. సోడియం అయాన్ పొటాషియం అయాన్‌ను పోలి ఉంటుంది కాబట్టి, పొటాషియం మీద ఆధారపడే ఎంజైములు దెబ్బతింటాయి.

చిక్కుడు కుటుంబపు పంటలకు ఇంకొక కష్టం ఉంది. వీటి వేర్ల బుడిపెల్లో రైజోబియం బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని స్థాపిస్తాయి. ఉప్పునేలలో బుడిపెలు సరిగా ఏర్పడవు, ఏర్పడినవి సరిగా పనిచేయవు. అందువల్ల మొక్క దాహంతోపాటు నత్రజని కొరతనూ అనుభవిస్తుంది.

3. ఏబెల్ చూపిన 3:1 నిష్పత్తి

ఇప్పుడు 1969కి వద్దాం. సోయాలో ‘లీ’ అనే వంగడం ఉప్పు నీటిలో పెరిగినా దాని ఆకుల్లోకి క్లోరైడ్ అంతగా చేరదు. ‘జాక్సన్’ అనే వంగడంలో క్లోరైడ్ ఆకుల నిండా చేరి ఆకులు మాడిపోతాయి. ఏబెల్ ఇటువంటి రెండు రకాల వంగడాలను సంకరపరిచి, రెండవ తరంలో క్లోరైడ్‌ను అడ్డుకునే మొక్కలూ అడ్డుకోలేని మొక్కలూ 3:1 నిష్పత్తిలో వస్తున్నాయని చూశాడు. మెండెల్ బఠాణీలలో చూసిన నిష్పత్తి ఇదేనని మీకు తెలుసు. అడ్డుకునే లక్షణం బహిర్గతం, అడ్డుకోలేని లక్షణం అంతర్గతం. ఈ జన్యువుకు ఆయన ‘ఎన్.సి.ఎల్.’ అని పేరు పెట్టాడు.

అయితే ఆ రోజుల్లో జన్యువు అంటే పొలంలో లెక్కించిన ఒక నిష్పత్తి మాత్రమే. దాని డి.ఎన్.ఏ. వరుసను చదివే సాధనం లేదు. ప్రజననకారులు లక్షణాన్ని వాడుకున్నారు గాని, అది ఎలా పనిచేస్తుందో చెప్పలేకపోయారు.

అటవీ బంధువులలో కూడా ఇటువంటి లక్షణాలు ఉన్నాయని మన గడ్డమీదనే రుజువైంది. 1972లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థలో కంది మీద పని జరిగింది. సాగులో ఉన్న కంది కంటె దాని అడవి బంధువు ‘అటైలోసియా అల్బికాన్స్’ ఉప్పును బాగా తట్టుకుంటుందనీ, రెండింటి సంకరమైన మొదటి తరం మొక్కలు కూడా ఆ అడవి మొక్కలాగే తట్టుకుంటాయనీ 1990లో ప్రచురించారు.

4. జన్యు కుటుంబం అంటే ఏమిటి?

ఏబెల్ వ్యాసం వచ్చిన మరుసటి సంవత్సరమే, 1970లో, సుసుము ఓనో ‘జన్యు ద్విగుణీకరణ ద్వారా పరిణామం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. జన్యువులు రెట్టింపు కావడం పరిణామానికి ముఖ్యమనే ఆలోచన 1930లలోనే జె.బి.ఎస్. హాల్డేన్ వంటివారి రచనల్లో ఉంది. ఈ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఓనో ఆ ఆలోచనను సమగ్ర సిద్ధాంతంగా తీర్చిదిద్దాడు.

సిద్ధాంతం సులభమైనదే. ఒక జన్యువుకు అనుకోకుండా మరొక ప్రతి తయారైందనుకుందాం. పాత ప్రతి తన పని తాను చేస్తూ ఉంటే, కొత్త ప్రతికి మారే స్వేచ్ఛ లభిస్తుంది. అది చెడిపోవచ్చు, కొత్త పని నేర్చుకోవచ్చు, లేదా రెండూ పనిని పంచుకోవచ్చు. ఇలా ఒకే మూలం నుంచి వచ్చి పోలికలు నిలుపుకున్న జన్యువుల సమూహమే జన్యు కుటుంబం. మన ఊళ్ళలో ఒకే ఇంటిపేరు గలవారిని గుర్తుచేసుకోండి. మూలపురుషుడు ఒకడే. కాని ఒకరు సేద్యం చేస్తారు, ఒకరు బడిలో పాఠం చెబుతారు, ఇంకొకరు ఊరు వదిలి వెళ్ళిపోతారు. ఇంటిపేరు తెలిసినంత మాత్రాన మనిషి వృత్తి తెలియదు. ఈ మాటను గుర్తుంచుకోండి, ముందు దీనితో అవసరం ఉంది.

చిక్కుడు కుటుంబపు మొక్కలకు ఈ సిద్ధాంతం బాగా వర్తిస్తుంది. సుమారు 5.9 కోట్ల ఏళ్ళ క్రితం వీటి పూర్వీకుల మొత్తం జన్యురాశి రెట్టింపు అయింది. సోయా వంశంలో సుమారు 1.3 కోట్ల ఏళ్ళ క్రితం అది మరొకసారి రెట్టింపు అయింది. అందుకే సోయాలో జన్యు కుటుంబాలు చాలా పెద్దవి.

5. ఒక కలుపు మొక్క నేర్పిన పాఠాలు

1990లలో పరిశోధన పంటల నుంచి ‘అరబిడాప్సిస్’ అనే చిన్న కలుపు మొక్క వైపు మళ్ళింది. దాని జీవితకాలం తక్కువ, జన్యురాశి చిన్నది. అమెరికాలో జియాన్-కాంగ్ జూ బృందం, ఉప్పుకు మరీ త్వరగా లొంగిపోయే ఉత్పరివర్తనాలను వెతికి, 1996 నుంచి ‘ఎస్.ఓ.ఎస్.’ జన్యువులను ఒక్కొక్కటిగా వెలికితీసింది. 2000 నాటికి వరుస స్పష్టమైంది. ఉప్పు తగలగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. ఎస్.ఓ.ఎస్.3 ప్రోటీన్ దానిని పసిగడుతుంది. అది ఎస్.ఓ.ఎస్.2 అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము ఎస్.ఓ.ఎస్.1ను పనిలోకి దింపుతుంది. ఎస్.ఓ.ఎస్.1 కణపు పొరలో కూర్చుని, హైడ్రోజన్ అయాన్‌ను లోపలికి తీసుకుంటూ సోడియంను బయటికి నెడుతుంది.

ఇదే కాలంలో మరి రెండు కుటుంబాలు పరిచయమయ్యాయి. హెచ్.కె.టి. కుటుంబపు మొదటి జన్యువును షాక్ట్‌మన్, ష్రోడర్ 1994లో గోధుమ వేర్ల నుంచి వేరుచేశారు. ఈ కుటుంబంలో కొన్ని ప్రోటీన్లు దారువులో పైకి పోతున్న సోడియంను వెనక్కి లాగి ఆకులను కాపాడతాయి. రెండవది ఎన్.హెచ్.ఎక్స్. కుటుంబం. వీటిలో కొన్ని సోడియంను కణంలోని రిక్తికలో బంధిస్తాయి. ఎడ్వర్డో బ్లుమ్‌వాల్డ్ బృందం 1999లో ఇటువంటి ఒక జన్యువును ఎక్కువగా పనిచేయించగా, అరబిడాప్సిస్ లీటరుకు సుమారు 11.7 గ్రాముల ఉప్పున్న ద్రావణంలో కూడా పెరిగింది. 2001లో టమాటాలోనూ ఇదే ఫలితం వచ్చింది.

వీటితోపాటు ఇతర జన్యువులను నడిపే అనులేఖన కారకాల కుటుంబాలు కూడా వెలుగులోకి వచ్చాయి. ‘డబ్ల్యు.ఆర్.కె.వై.’ కుటుంబానికి ఆ పేరు దాని ప్రోటీన్లలో మారకుండా నిలిచిన నాలుగు అమైనో ఆమ్లాల సంకేతాక్షరాల నుంచి వచ్చింది. ‘ఎన్.ఏ.సి.’ కుటుంబానికి మొదట దొరికిన సభ్యుల పేర్ల తొలి అక్షరాలే పేరయ్యాయి.

మన దేశపు కృషి కూడా ఇక్కడ చెప్పుకోదగినది. న్యూఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగు, జీవసాంకేతిక కేంద్రంలో నరేంద్ర తుతేజా బృందం, బఠాణీ నుంచి తీసిన ‘పి.డి.హెచ్.45’ అనే హెలికేజ్ జన్యువును పొగాకులో ప్రవేశపెట్టింది. ఆ మొక్కలు ఉప్పులో పెరిగి, దిగుబడి తగ్గకుండా విత్తనం కట్టాయని 2005లో ప్రకటించారు. హెలికేజ్ పని సోడియంను నెట్టడం కాదు, కేంద్రకామ్లాల పేటలను విడదీయడం. ఉప్పును తట్టుకోవడానికి అయాన్ల రవాణా ఒక్కటే మార్గం కాదని దీనివల్ల అర్థమైంది.

ఉత్సాహంతోపాటు హెచ్చరిక కూడా వచ్చింది. పదేళ్ళుగా జన్యుమార్పిడి మొక్కలతో పని జరిగినా, పొలంలో దాని విలువ ఇంకా రుజువు కాలేదని టిమొతీ ఫ్లవర్స్ 2004లో రాశాడు. కుండీలో కొన్ని వారాలు బతకడం వేరు. ఎండ, వాన, తెగుళ్ళ మధ్య గింజ కట్టడం వేరు.

6. శనగ వేసిన ప్రశ్న

ఆ తేడా ఎంత ముఖ్యమో పటాన్‌చెరు శనగ ప్రయోగాలు చూపాయి. 2007లో విన్సెంట్ వాదెజ్ బృందం 263 శనగ రకాలను ఉప్పు కలిపిన మట్టిలో గింజ పండేవరకు పెంచి ఫలితాలు ప్రచురించింది. అత్యల్ప, అత్యధిక దిగుబడుల మధ్య ఆరు రెట్లు తేడా కనిపించింది. కర్నాల్ సంస్థ విడుదల చేసిన ఉప్పును తట్టుకునే రకం కంటె 20 శాతం ఎక్కువ పండినవి కూడా కొన్ని ఉన్నాయి.

ఇంతకంటె ముఖ్యమైనవి మరి రెండు ఫలితాలు. మొదటిది: 50 రోజుల వయసులో మొక్క ఎంత ఏపుగా ఉందో చూసి చివరి దిగుబడిలో అది ఎంత నిలదొక్కుకుంటుందో చెప్పడం సాధ్యం కాలేదు. ఎక్కువ గింజ కాయలను నిలుపుకోగలిగిన రకమే తట్టుకుంది. రెండవది: కాండంలోనూ ఆకుల్లోనూ ఉన్న సోడియం పరిమాణానికీ, ఉప్పును తట్టుకునే శక్తికీ సంబంధం కనిపించలేదు. సోడియంను ఆకుల్లోకి రానీయకపోవడమే రహస్యమని గోధుమ, వరి పంటలు నేర్పిన పాఠం శనగకు యథాతథంగా అతకలేదన్నమాట.

ఆంధ్రప్రదేశ్ శనగ రైతులకు బాగా పరిచయమైన ‘జె.జి. 11’ ఉప్పును తట్టుకునే రకాలలో ఒకటి. దానిని సున్నితమైన ‘ఐ.సి.సి.వి. 2’తో సంకరపరిచి, ఈ లక్షణానికి సంబంధించిన రెండు ముఖ్య ప్రాంతాలు ఐదవ, ఏడవ సహలగ్నత సమూహాలలో ఉన్నాయని 2015లో గుర్తించారు.

7. సోయా రహస్యం బయటపడింది

2010లో సోయా జన్యుక్రమం ప్రచురితమైంది. అందులో 46,430 జన్యువులను గుర్తించారు. వాటిలో దాదాపు 75 శాతం ఒకటి కంటె ఎక్కువ ప్రతులు గలవి. తరువాత 2011లో కంది, 2013లో శనగ, 2014లో పెసర, 2019లో సాగు వేరుశనగ జన్యుక్రమాలు వెలువడ్డాయి. కంది, శనగ జన్యుక్రమాల కృషిలో ఇక్రిశాట్‌తోపాటు మన జాతీయ సంస్థలు పాల్గొన్నాయి.

సోయాలో వెతకవలసిన చోటు అప్పటికే తెలుసు. ‘లీ’ వంగడానికి ఒక జనకమైన ‘ఎస్-100’ మీద జరిగిన పని వల్ల, ముఖ్యమైన ప్రాంతం మూడవ క్రోమోజోమ్‌లో ఉందని 2004లో తేలింది. 2014లో చైనాలో రెండు బృందాలు ఒకే జన్యువును చేరుకున్నాయి. ఒక బృందం ‘టీఫెంగ్ 8’ అనే సాగు రకంతో పనిచేసి దానిని ‘జి.ఎం.సాల్ట్3’ అన్నది. హాంకాంగ్‌లోని హాన్-మింగ్ లామ్ బృందం అడవి సోయాతో పనిచేసి ‘జి.ఎం.సి.హెచ్.ఎక్స్.1’ అన్నది. 2016లో మరొక బృందం ఏబెల్ పెట్టిన పాత పేరుతోనే దానిని వర్ణించింది. ఇది సి.హెచ్.ఎక్స్. కుటుంబపు సభ్యురాలు. ధనావేశ అయాన్లను హైడ్రోజన్‌తో మార్పిడి చేసుకునే ప్రోటీన్లు ఈ కుటుంబానివి. అరబిడాప్సిస్‌లో ఇవి 28 ఉన్నాయి. ఏబెల్ కొలిచినది క్లోరైడ్‌ను. దొరికిన జన్యువు కుటుంబం సోడియం, పొటాషియం వంటి ధన అయాన్లది. మంచి ప్రతి ఉన్న మొక్కల ఆకుల్లో సోడియం, క్లోరైడ్ రెండూ తక్కువగా ఉంటాయని తరువాత చూశారు.

మరి సున్నితమైన రకాలకు ఏమైంది? ప్రపంచానికి ప్రమాణ జన్యుక్రమాన్ని ఇచ్చిన ‘విలియమ్స్ 82’ రకంలోనే ఈ జన్యువు విరిగిపోయి ఉంది. సుమారు 3,800 అక్షరాల ఒక గెంతే డి.ఎన్.ఏ. ముక్క దాని మధ్యలో వచ్చి కూర్చుంది. ఉప్పును తట్టుకునే రూపమే ప్రాచీనమైనదనీ, తట్టుకోలేని రూపాలు తరువాత పుట్టినవనీ చైనా నాటు రకాలను, అడవి సోయాను పోల్చి చెప్పారు. ఉప్పులేని మంచి నేలల్లో సాగు చేసినచోట ఆ జన్యువు పోయినా ఎవరికీ తెలియలేదు. ఉప్పునేలల రైతుల విత్తనాల్లో, అడవి మొక్కల్లో అది నిలిచి ఉంది. ఇవి మిగలకపోతే 2014లో వెతకడానికి ఏమీ ఉండేది కాదు.

8. జాబితా ఎంతవరకు?

జన్యుక్రమాలు వచ్చినప్పటి నుంచి శనగ, కంది, అలసంద, వేరుశనగ వంటి పంటలన్నింటిలో జన్యు కుటుంబాల జాబితాలు తయారయ్యాయి. పద్ధతి ఇది: కుటుంబపు గుర్తును కంప్యూటరుతో మొత్తం జన్యురాశిలో వెతుకుతారు. దొరికిన సభ్యులతో వంశవృక్షం గీస్తారు. ఉప్పు పెట్టినప్పుడు ఏ సభ్యుల పని పెరిగిందో కొలుస్తారు. ఇది అవసరమైన పని. వేలాది జన్యువుల నుంచి పదింటికి దృష్టిని కుదిస్తుంది.

కాని ఇంటిపేరు గురించి చెప్పిన మాట ఇక్కడ గుర్తుచేసుకోండి. ఉప్పు తగిలినప్పుడు ఒక జన్యువు చురుకైనంత మాత్రాన అది మొక్కను కాపాడుతున్నట్లు కాదు. అది బాధకు ఫలితమూ కావచ్చు. దానిని తీసివేస్తే మొక్క దెబ్బతినాలి, చేరిస్తే మొక్క నిలవాలి, చివరికి పొలంలో గింజ కట్టాలి. సోయా జన్యువు ఈ పరీక్షలకు నిలిచింది. మిగతా జన్యువులన్నీ ఒకేలా ఉండి ఈ ఒక్కటే తేడాగా ఉన్న జంటలను పొలంలో పోల్చినప్పుడు, ఉప్పునేలలో మంచి ప్రతి గలవి మేలుగా పండాయి. ఉప్పులేని నేలలో వాటికి దిగుబడి నష్టమూ లేదు. పప్పుపంటల జాబితాల్లోని అధిక భాగం జన్యువులు ఇంకా ఈ పరీక్షల కోసం ఎదురుచూస్తున్నాయి.

ముగింపు

ప్రపంచంలో 138 కోట్ల హెక్టార్ల నేల, అంటే మొత్తం భూభాగంలో 10.7 శాతం, ఉప్పు ప్రభావంలో ఉందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో తెలిపింది. మన కృష్ణా డెల్టాలో వరి కోసిన తరువాత మిగిలిన తడితో మినుము, పెసర పండిస్తారు. సముద్రానికి దగ్గరగా ఉన్న పొలాల్లో నేల ఆరేకొద్దీ ఉప్పు పైకి వస్తుంది, సరిగ్గా అదే సమయంలో పైరు పూతకు వస్తుంది. శనగ నేర్పిన పాఠాన్ని బట్టి చూస్తే ఆ దశనే జాగ్రత్తగా పరిశీలించాలి.

ఈ చరిత్రలో ఏబెల్ పొలంలో లెక్కించిన నిష్పత్తి, ఓనో సిద్ధాంతం, అరబిడాప్సిస్ ఉత్పరివర్తనాలు, పటాన్‌చెరు కుండీలు, కంప్యూటరు జాబితాలు అన్నీ అవసరమయ్యాయి. మురుగు కాలువలు, జిప్సం, మంచినీటితో ఉప్పును కడగడం వంటి నేల యాజమాన్యానికి జన్యువు ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. మీలో కొందరు రేపు ఈ జాబితాలతో పనిచేస్తారు. ఒక జన్యువు పేరు కనిపించినప్పుడు, అది ఏ మొక్కలో, ఏ దశలో, ఏ నేలలో పరీక్షకు నిలిచిందో ముందుగా అడగండి.

ఆలోచించండి

1. 6 డెసిసీమెన్ల నేలలో బార్లీ, సోయా చిక్కుడు, వేరుశనగ దిగుబడులు ఎంత శాతం తగ్గుతాయో లెక్కించండి.

2. ఒక జన్యువు రెట్టింపు అయిన తరువాత దాని కొత్త ప్రతికి ఎదురయ్యే మూడు మార్గాలు ఏవి?

3. సోయా విషయంలో ఆకుల్లోని అయాన్ల కొలత ఉపయోగపడింది, శనగ విషయంలో ఉపయోగపడలేదు. కొత్తగా ఒక మినుము వంగడాన్ని ఉప్పునేలకు ఎంపిక చేయవలసి వస్తే మీరు ఏమేమి కొలుస్తారు? ఎప్పుడు కొలుస్తారు?